ముప్పై సెకన్ల పూతరేకు

అమ్ముకోవడానికి ఒక మంచి సరుకు, చేతిలో ఒక ఫోను, ఆ ఫోనులో పది పన్నెండు ఫొటోలు. ఇవి ఉంటే ఎవరి ప్రకటన వాళ్లే చేసుకోవచ్చు. వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదు.

ఒకప్పుడు మన ఊళ్ల సినిమా హాళ్లలో ఆట మొదలయ్యే ముందు తెర మీద స్లైడ్లు వేసేవారు. బట్టల కొట్టు, బంగారం షాపు, కళ్లజోళ్ల దుకాణం, లేడీస్ టైలరు. గాజు పలక మీద రంగుల్లో రాసిన నాలుగు మాటలు, పక్కన ఒక బొమ్మ, అంతే. ఒక్కో స్లైడు తెర మీద నిలిచేది కొన్ని సెకన్లే. అయినా ఏ కొట్టు ఏ సెంటర్లో ఉందో ఊరందరికీ నోటికి వచ్చేది.

టీవీ ప్రకటన అప్పట్లో పెద్ద కంపెనీల వ్యవహారం. దూరదర్శన్ 1976 జనవరి 1న వాణిజ్య ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది. సబ్బులు, టూత్‌పేస్టులు, టీ పొడులు ఆ దారిన మన ఇళ్లలోకి వచ్చాయి. వీధి చివర మిఠాయి కొట్టుకు మాత్రం సినిమా హాలు స్లైడే దిక్కు. తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, తెర అడుగున పాకే అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ రీల్ వచ్చాయి. చిన్న వ్యాపారి చెప్పాలనుకునేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నా దగ్గర ఈ సరుకుంది, ఇదిగో ఇలా ఉంటుంది, కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి.

ఇంత చిన్న మాట చెప్పడానికి కెమెరా బృందం అక్కర్లేదు. కదలని ఫొటోలు సరైన వరసలో, సరైన సేపు కనిపిస్తే చాలు. అదే స్లైడ్‌షో ప్రకటన. దీన్ని తేలిక పనిగా, చేతకానివాళ్ల పనిగా చూడటం తప్పు. ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో ‘లా జెతే’ అనే 28 నిమిషాల సినిమాను దాదాపు పూర్తిగా నిశ్చల చిత్రాలతోనే తీశాడు. సినిమా చదువుకునేవాళ్లు ఇప్పటికీ దాన్ని ముందేసుకుని కూర్చుంటారు.

అత్తా మేనకోడలూ

ఆత్రేయపురంలో ఒక ఇల్లు. ఆ ఇంటావిడ పూతరేకులు తీస్తుంది, చుడుతుంది, పెట్టెల్లో సర్ది అమ్ముతుంది. ఆమె మేనకోడలు డిగ్రీ చదువుతోంది. అత్త సరుకు గురించి ఒక చిన్న వీడియో చేసి పెట్టాలని ఆ అమ్మాయి పట్టుదల. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తెరిచి చూసింది లేదు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దక్కింది. పేరు దేశమంతా తెలుసు. అందుకే పోటీ కూడా అంతే. ఎవరి వీడియో తెరిచినా మొదట కనిపించేది వెండి రేకులాంటి మెరుపు, నేతిలో తడిసిన మడత, వెనకాల ఒక సినిమా పాట. ఈ గుంపులో తమ ఇంటి రేకు గురించి ఏం చెప్పాలి?

అమ్మాయి ముందు ఒక జాబితా రాసుకుంది. తరాల నాటి చేతివాటం, స్వచ్ఛమైన నెయ్యి, చక్కెరవీ బెల్లానివీ రెండు రకాలు, డ్రైఫ్రూట్స్‌వి వేరే, పెళ్లి ఆర్డర్లు, కొరియర్ సౌకర్యం, తగ్గింపు ధర. ముప్పై సెకన్లలో ఇవన్నీ చెబితే విన్నవాళ్లకు ఒక్కటీ మిగలదు. ఎడిటింగ్ అంటే కత్తిరించడమే అయితే, మొదటి కత్తెర ఈ జాబితా మీదే పడాలి. సాఫ్ట్‌వేర్ నేర్పే తరగతులు చాలావరకు ఈ మెట్టును దాటేసి నేరుగా బటన్ల దగ్గరికి పోతాయి. నా దృష్టిలో వాటిలో ఉన్న పెద్ద లోపం అదే.

చివరికి నిలిచిన మాట అత్త నోటి నుంచే వచ్చింది. కుండ మీద నుంచి తీసిన రేకును కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని, “ఇదిగో, అవతలున్న కొబ్బరి చెట్టు కనపడాలే. కనపడకపోతే అది రేకు కాదు, అప్పడం” అంది. అంత పలచన. ప్రకటన మొత్తానికి ఆ ఒక్క మాట చాలు. మిగతావన్నీ దానికి సాక్ష్యాలు.

ముందు కాగితం

కంప్యూటరు తెరవకముందే ప్రకటన కాగితం మీద పూర్తవ్వాలి. ఒక తెల్లకాగితం మీద నిలువుగా మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో ఫొటో, రెండో గడిలో అది ఎన్ని సెకన్లు ఉండాలి, మూడో గడిలో అప్పుడు వినిపించే మాట. ఆ అమ్మాయి కాగితం చివరికి ఇలా తేలింది.

రేకు వెలుగుకు అడ్డంగా, 4 సెకన్లు. బోర్లించిన కుండ, లోపల మంట, 3. పలచని బియ్యప్పిండి నీళ్లలో మునిగిన గుడ్డ, 2. ఆ గుడ్డ కుండ మీద పరుచుకునే క్షణం, 2. రేకు లేవడం, 3. నెయ్యి చిలకరించిన చెయ్యి, 2. బెల్లం పొడి, 2. మడత, 2. అత్త ముఖం, 3. పెట్టె, 2. పేరు, ఫోన్ నంబరు, 5. మొత్తం 30.

అత్త ముఖం దగ్గర కాస్త వాదన జరిగింది. “నా మొహం ఎందుకే, రేకు చూపించు చాలు” అని ఆవిడ. “రేకు అందరూ చూపిస్తారత్తా. చేసిన మనిషిని ఎవరూ చూపించట్లేదు” అని ఈ పిల్ల. పిల్లదే గెలుపు, గెలవాల్సిన వాదన కూడా. తెలియని నంబరుకు ఫోన్ చేసి డబ్బు పంపేవాళ్లకు అవతల ఒక మనిషి ఉందన్న భరోసా కావాలి.

నంబరుకు 5 సెకన్లు ఎక్కువ అనిపిస్తుంది, కానీ తగ్గించకండి. పది అంకెలు చదవాలి, రాసుకోవడానికో స్క్రీన్‌షాట్ తీసుకోవడానికో సమయం ఉండాలి. ఎంతో అందంగా చేసి, నంబరును రెండు సెకన్లు మెరిపించి మాయం చేసే ప్రకటనలు రోజూ చూస్తున్నాం. అవి వ్యాపారికి పనికిరావు.

ఇక ఫొటోలు. ఫోన్లో తీసిన మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో దాదాపు 4,000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. హెచ్‌డీ వీడియో వెడల్పు 1,920. అంటే బొమ్మ చెదరకుండా రెండింతల వరకు దగ్గరికి వెళ్లొచ్చు. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే సుమారు 1,600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. తెర నిండాలంటేనే సాగదీయాల్సి వస్తుంది, ఇక దగ్గరికి వెళ్తే మసకే. అందుకని ఫోను నుంచి కంప్యూటరుకు కేబుల్‌తో ఎక్కించండి. వాట్సాపే దారి అయితే ఫొటోగా పంపకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు అలాగే వస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్?

కంప్యూటరు మీద ఎడిటింగ్ ఒకప్పుడు స్టూడియోల సొత్తు. ఫిల్మును చేత్తో కోసి టేపుతో అతికించే మూవియోలా, స్టీన్‌బెక్ బల్లల రోజుల్లోంచి 1989లో అవిడ్ పుట్టింది. మన దేశంలో అవిడ్ మీద ఎడిట్ అయిన తొలి సినిమాగా కమల్‌హాసన్ ‘మహానది’కి పేరుంది, అది 1994. అడోబీ ప్రీమియర్ 1991లో, యాపిల్ ఫైనల్ కట్ ప్రో 1999లో వచ్చాయి. విండోస్‌తో పాటు ఉచితంగా దొరికిన మూవీ మేకర్ 2000లో వచ్చి ఎందరికో మొదటి బడి అయింది. పెళ్లి ఆల్బమ్‌లు, స్కూలు వార్షికోత్సవాలు దాని మీదే నడిచాయి. 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది.

ఇప్పుడు ఒక్క రూపాయి పెట్టకుండా దొరికేవాటిలో బలమైనది డావిన్సీ రిజాల్వ్. హాలీవుడ్‌లో రంగులు దిద్దడానికి వాడే ఈ సాఫ్ట్‌వేర్‌ను 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొనుక్కుంది. తర్వాత ఉచిత రూపాన్ని విడుదల చేసి, ఎడిటింగును కూడా అందులో చేర్చింది. ఉచిత రూపంలో చేసిన వీడియో మీద ముద్ర పడదు. చెల్లింపు రూపానికే పరిమితమైన ఎఫెక్టులు వాడితేనే పడుతుంది, స్లైడ్‌షోకు వాటి అవసరం లేదు. కాకపోతే దానికి బలమైన కంప్యూటరు కావాలి. 16 జీబీ ర్యామ్ ఉంటే సాఫీగా నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్ అయితే షాట్‌కట్ గానీ కెడెన్‌లైవ్ గానీ వేసుకోండి. రెండూ ఓపెన్ సోర్స్, రెండింట్లోనూ ఫొటోలను ఎంచి ఒకేసారి స్లైడ్‌షోగా మార్చే సదుపాయం ఉంది. ఫోను మాత్రమే ఉన్నవాళ్లకు కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ వంటివి ఉన్నాయి. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే మూలన దాని ముద్ర ఉంటుంది.

ఫోను యాప్‌ల గురించి ఒక గట్టి మాట. ఫోను మీద ఎడిటింగ్ చేయడంలో ఏ తప్పూ లేదు. వాటిలో దొరికే రెడీమేడ్ టెంప్లేట్లతోనే నా తగాదా. ఫొటోలు పడేస్తే చాలు, సంగీతం, మెరుపులు, గిరగిరలు అన్నీ అదే పెట్టేస్తుంది. బట్టల షాపుకు, బిర్యానీ సెంటరుకు, పుట్టినరోజు శుభాకాంక్షలకు అదే అచ్చు. సరుకు ఏదైనా చూసేవాడికి గుర్తుండేది టెంప్లేటే. పైగా చేసినవాళ్లు నేర్చుకున్నది ఏమీ ఉండదు.

బల్ల ముందు

రిజాల్వ్ తెరవగానే అడుగున మీడియా, కట్, ఎడిట్, ఫ్యూజన్, కలర్, ఫెయిర్‌లైట్, డెలివర్ అని వరసగా గుర్తులు కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే బెదిరి మూసేస్తారు. స్లైడ్‌షో ప్రకటనకు ఎడిట్, డెలివర్ ఈ రెండు చాలు. మిగతావి ఉన్నాయన్న సంగతి ప్రస్తుతానికి మర్చిపోవచ్చు.

మొదట చేయాల్సింది ఫ్రేమ్ రేట్ ఎంచుకోవడం. సెకనుకు ఎన్ని నిశ్చల చిత్రాలు అన్నదే ఫ్రేమ్ రేట్. సినిమాకు 24, మన దేశపు టీవీకి 25. టైమ్‌లైన్‌లోకి, అంటే ఫొటోలను వరసగా పేర్చే పట్టీలోకి, సరుకు దించాక రిజాల్వ్‌లో దీన్ని మార్చడం కుదరదు, కాబట్టి ముందే 25 అని పెట్టుకోవాలి. 30 సెకన్లంటే 750 ఫ్రేములు. ఈ అంకె మనసులో పెట్టుకుంటే మేలు. అర సెకను అంటే పన్నెండు పదమూడు ఫ్రేములని, కంటికి అది చాలా ఎక్కువేనని నెమ్మదిగా చేతికి అర్థమవుతుంది.

రెండోది ఆకారం. వాట్సాప్ స్టేటస్, రీల్ కోసం అయితే నిలువు తెర, 1,080 వెడల్పు, 1,920 ఎత్తు. యూట్యూబుకు, కేబుల్ టీవీకి అయితే అడ్డ తెర. అడ్డంగా తీసిన ఫొటోను నిలువు తెరలో పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. ఫొటోలు తీసేటప్పుడే ఏ తెర కోసమో తేల్చుకుంటే ఈ చిక్కు రాదు.

ఆ అమ్మాయికి ఎదురైన మొదటి గండం గురించి చెప్పి తీరాలి, ఎందుకంటే పద్ధతిగా పనిచేసేవాళ్లకే అది ఎదురవుతుంది. వరస తప్పకూడదని పదకొండు ఫొటోలకూ 01, 02, 03 అని పేర్లు మార్చి పెట్టుకుంది. రిజాల్వ్‌లో ఆ ఫోల్డరు తెరిస్తే పదకొండు ఫొటోల బదులు ఒకే ఒక్క క్లిప్ కనిపించింది. టైమ్‌లైన్ మీద వేసి నొక్కితే అర సెకను కూడా లేకుండా అన్నీ మెరిసి మాయం. కారణం ఏమిటంటే, యానిమేషన్ చేసేవాళ్లు ఒక్కో ఫ్రేమును అంకెల వరసతో బొమ్మలుగా దాచుకుంటారు. అంకెల వరస కనిపిస్తే ఇవీ అలాంటి ఫ్రేములే అనుకుని రిజాల్వ్ అన్నింటినీ ఒక క్లిప్‌గా కట్టేస్తుంది. మీడియా పేజీలో మూడు చుక్కల మెనూ తెరిచి, ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్‌ను ‘ఇండివిడ్యువల్’కు మార్చితే ఫొటోలు విడివిడిగా వచ్చేస్తాయి. ఇది తెలియక ఎంతమంది సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేసి ఉంటారో.

టైమ్‌లైన్ మీదికి దించిన ప్రతి ఫొటోకూ రిజాల్వ్ మామూలుగా 5 సెకన్లు ఇస్తుంది. అన్నీ 5 సెకన్లే అయితే చూసేవాళ్లకు విసుగు. కాగితం మీద రాసుకున్న కొలతకు ఒక్కో ఫొటో అంచును లాగి కుదించాలి. ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. నెయ్యి ఫొటో రెండు సెకన్లు ఉంటే ఊరించింది, నాలుగు సెకన్లు ఉంటే చుక్కలు లెక్కపెట్టాలనిపించింది. కుండ, మంట ఒకటిన్నర సెకను ఉంటే ఏమిటో తెలిసేలోపే పోయింది. ఫొటోలో చూడాల్సినవి ఎక్కువ ఉంటే ఎక్కువ సేపు, ఒక్కటే ఉంటే తక్కువ సేపు. ఈ లెక్క ఏ పుస్తకం చదివినా పట్టుబడదు, అంచులు లాగి లాగి చూస్తేనే వస్తుంది.

వరస కూడా అంతే. రష్యాలో లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందట చేసిన ప్రయోగం ఎడిటింగ్ విద్యార్థులందరికీ తెలుసు. భావమేమీ లేని ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడు. ముఖం ఒకటే. ప్రేక్షకులకు మాత్రం ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనిపించాయట. మన పూతరేకుల ప్రకటనలో అత్త ముఖాన్ని మొదట్లో పెడితే ఎవరో పరిచయం చేసుకుంటున్నట్టు ఉంది. మడత పెట్టిన చేతుల తర్వాత పెడితే ‘ఇదిగో, చేశాను’ అంటున్నట్టు ఉంది. ఫొటో మారలేదు, చోటు మారింది.

నిలిచిన బొమ్మను నడిపించడం

ఫొటో కదలకుండా నిలిస్తే టీవీ ఆగిపోయిందేమోనన్న అనుమానం వస్తుంది. అందుకే ఫొటో లోపలికి మెల్లగా వెళ్లడం, లేదా ఒక అంచు నుంచి మరో అంచుకు జరగడం అలవాటైంది. అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ 1990లో అమెరికా అంతర్యుద్ధం మీద తీసిన ధారావాహికలో పాత ఫొటోలను ఇలాగే బతికించాడు. ఆయన కంటే ముందే, 1957లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు తీసిన ‘సిటీ ఆఫ్ గోల్డ్’ లఘుచిత్రం ఈ పని చేసింది. ఆ బాకీని బర్న్స్ కూడా ఒప్పుకున్నాడు. స్టీవ్ జాబ్స్ ఆయన అనుమతి అడిగి మరీ యాపిల్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఆయన పేరు పెట్టాడు.

రిజాల్వ్‌లో ఇదే పనికి ‘డైనమిక్ జూమ్’ ఉంది. ఇన్‌స్పెక్టర్‌లో దాన్ని వెలిగిస్తే ఫొటో మీద రెండు చట్రాలు అమరుతాయి. ఆకుపచ్చది మొదలు, ఎర్రది ముగింపు. ఆకుపచ్చ పెద్దది, ఎర్రది చిన్నది అయితే మనం దగ్గరికి వెళ్తాం. ‘స్వాప్’ నొక్కితే వెనక్కి వస్తాం. రేకును వెలుగుకు పట్టుకున్న ఫొటోలో ఎర్ర చట్రాన్ని రేకు వెనకాల మసగ్గా కనిపించే కొబ్బరి చెట్టు మీద పెట్టాలి. అప్పుడు చూసేవాడి కన్ను రేకును దాటి చెట్టు దగ్గరికి పోతుంది. అత్త చెప్పిన మాట మాటల్లేకుండానే రుజువైనట్టు.

అన్ని ఫొటోలకూ ఇదే చేయొద్దు. నాలుగైదింటికి చాలు. మెల్లగా, కనిపించీ కనిపించనట్టు.

ఒక ఫొటో నుంచి మరోదానికి మారేటప్పుడు వేసే ట్రాన్సిషన్ల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. పేజీ మడత, నక్షత్రం, గుండె ఆకారం, గిరగిర తిరిగే పెట్టె, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ గొప్పలు చెప్పుకోవడానికి పెట్టినవి. సరుకు మీద నుంచి కన్ను తప్పించడమే వాటి పని. నేరుగా కోసి అతికించిన కట్టు, మొదట్లోనో చివర్లోనో ఒకటి రెండు చోట్ల ఒక బొమ్మ మరోదాంట్లోకి కరిగే మెత్తటి డిజాల్వ్. అంతకు మించి అక్కర్లేదు.

విరిగిపోయే ఒత్తులు

తెలుగులాంటి లిపుల్లో రాసేవాళ్లకు తగిలే దెబ్బ ఒకటుంది. ఫొటోలు కుదిరాయి, కొలతలు కుదిరాయి. పేరు టైపు చేస్తే తెర మీద ‘ఆత్‌రేయపురం’ అని వస్తుంది. బెల్లం ‘బెల్‌లం’ అవుతుంది. నెయ్యి ‘నెయ్‌యి’, జీడిపప్పు ‘జీడిపప్‌పు’. తెలుగు అక్షరానికి ఒత్తు కింద చేరాలని, గుడి పైన కూర్చోవాలని ఆ సాఫ్ట్‌వేర్‌లోని అక్షరాల యంత్రానికి తెలియకపోవడమే దీనికి కారణం. లోపం మనదీ కాదు, ఫాంటుదీ కాదు.

అడోబీ ప్రీమియర్‌లో దీనికి మందుంది. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కు మార్చాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒక రకం టైటిల్‌లో ఒత్తులు విరిగితే మరో రకం టైటిల్‌లో సరిగ్గా వస్తాయి, అన్నీ పరీక్షించి చూసుకోవాలి. ఏదీ కుదరకపోతే ఎక్కడైనా పనికొచ్చే ఉపాయం ఉంది. తెలుగు సరిగ్గా చూపించే ఇంక్‌స్కేప్ లాంటి దాంట్లో పేరు రాసి, వెనకాల ఏ రంగూ లేని పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని, దాన్ని ఫొటోలాగే టైమ్‌లైన్ పై వరసలో పెట్టండి. బొమ్మకు ఒత్తు విరగదు.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించిన పేరును తెచ్చి ఇక్కడ అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి, అది యూనికోడ్ కాదు. యూనికోడ్‌లోనే టైపు చేసుకోండి. అందమైన తెలుగు ఫాంట్లకు ఇప్పుడు కొదవ లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న, గిడుగు, పెద్దన వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపార ప్రకటనల్లోనూ నిక్షేపంగా వాడుకోవచ్చు. పేరుకు రామభద్ర లాంటి లావుపాటి అక్షరం, ఫోన్ నంబరుకు సాదా అక్షరం. నిలువు వీడియోలో పైనా కిందా యాప్ బటన్లు, పేర్లు వచ్చి కూర్చుంటాయి. కాబట్టి నంబరును తెర మధ్యభాగంలోనే పెట్టాలి.

లక్షల మంది రోజూ చదివే భాషలో ఒక మిఠాయి పేరు సరిగ్గా రాయలేని సాఫ్ట్‌వేర్‌ను సరిపెట్టుకుని వాడటం నాకు ఇష్టం లేదు. తయారీదారులకు ఫిర్యాదు పంపే చోటు ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఉంటుంది. విరిగిన ఒత్తు స్క్రీన్‌షాట్ తీసి పంపండి. అడిగేవాళ్లు ఎక్కువైతేనే మన లిపి వాళ్ల జాబితాలో పైకి వస్తుంది.

ఎవరి గొంతు, ఎవరి పాట

చదవడానికి రాసుకున్న మాటలు ఇవి. “ఇది మా రేకు. చూడండి, అవతలున్న కొబ్బరి చెట్టు కనపడుతుంది. కుండ మీదే తీస్తాం, చేత్తోనే చుడతాం. బెల్లం, నెయ్యి, జీడిపప్పు, అంతేనండి. ఆర్డరు చెబితే ఆ రోజు చుట్టి ఆ రోజే పంపిస్తాం. ఆత్రేయపురం పూతరేకులు. ఫోన్ చేయండి.” ముప్పై సెకన్లకు ఇంతే పట్టాలి. ఇంతకు రెట్టింపు రాస్తే గొంతు పరుగు తీస్తుంది, వినేవాడికి ఊపిరాడదు.

దీన్ని యాంకర్ గొంతుతో చెప్పించాలని కొందరికి ఉంటుంది. ఈమధ్య యంత్రం చేత చెప్పిస్తున్నవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు. అత్తే చెప్పాలి. గోదావరి గొంతులో ఆ ‘అంతేనండి’ అనే తీరు ఏ యాంకరూ తేలేడు. రికార్డింగుకు ఫోనే చాలు. ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి, పరుపులూ బట్టలూ ఉన్న గదిలో కూర్చోవాలి. ఖాళీ గదిలో గోడలు మాటను తిప్పికొడతాయి. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు. సాఫ్ట్‌వేర్‌లో మీటరు చూస్తూ గొంతును మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఉంచి, వెనక సంగీతాన్ని దానికంటే బాగా కిందికి దించాలి. సంగీతం వినపడుతోందా అని వెతుక్కునేంత తగ్గినా నష్టం లేదు. మాట పోతే మాత్రం అంతా పోయినట్టే.

సంగీతం విషయంలో మన దగ్గర పెద్ద అలసత్వం ఉంది. హిట్ పాట ఒకటి తీసి వెనకాల పెట్టేయడం అందరూ చేస్తున్నదే. అది నేరం. సినిమా పాట మీద సాహిత్యానికి, బాణీకి, రికార్డింగుకు వేర్వేరు హక్కులుంటాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పాటలు దొరుకుతున్నాయి కదా అంటే, అవి సరదాగా పెట్టుకునేవాళ్లకు, వ్యాపార ప్రకటనలకు కాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది, ఒక్కోదానికి షరతులు చదివి తీసుకోండి. క్రియేటివ్ కామన్స్‌లో ‘నాన్ కమర్షియల్’ అని ఉంటే ముట్టుకోవద్దు. అసలు సంగీతమే లేకుండా కుండ కింద మంట చిటపటలు, రేకు మడిచేటప్పుడు వచ్చే గలగల రికార్డు చేసి పెట్టుకుంటే అంతకంటే మంచి నేపథ్యం ఉండదు. ఆ శబ్దాల మీద వేరెవరి హక్కూ లేదు.

హీరోల బొమ్మలూ అంతే. ఉత్తరప్రదేశ్‌లో ఒక నగల వ్యాపారి అమితాబ్, జయాబచ్చన్ ఉన్న తనిష్క్ ప్రకటన ఫొటోను తన హోర్డింగు మీద వేసుకున్నాడు. 2012లో ఢిల్లీ హైకోర్టు అది తప్పని తేల్చింది. 2015లో మద్రాసు హైకోర్టు రజనీకాంత్ పేరు, రూపం, శైలి ఆయన అనుమతి లేకుండా వాడుకోకూడదంది.

తినే సరుకు ప్రకటనలో మాట జాగ్రత్త. మోసపుచ్చే ప్రకటనకు ఆహార భద్రతా చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కూడా 10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ‘షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు’ లాంటి మాట నిరూపించలేకపోతే అనొద్దు. షరతులేవైనా ఉంటే ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే చెప్పాలని 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. జీఐ ముద్ర వేసుకోవాలన్నా అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. ఊళ్లో ఉన్నంత మాత్రాన హక్కు రాదు. ఇక కృత్రిమ మేధ గీసిచ్చిన పూతరేకు బొమ్మ పెట్టి అసలు సరుకు అమ్మడం నా లెక్కలో కొనేవాళ్లకు చేసే ద్రోహమే. పెట్టె తెరిచాక కనిపించేదే తెర మీద కూడా కనిపించాలి.

పంపే ముందు

డెలివర్ పేజీలో ఎంపీ4, హెచ్.264 ఎంచుకుంటే ఏ ఫోనులోనైనా ఆడుతుంది. తీసిన వీడియోను ముందు శబ్దం కట్టేసి చూడండి. బస్సులో, ఆఫీసులో చాలామంది అలాగే చూస్తారు. మాట వినపడకపోయినా ఏం అమ్ముతున్నారో అర్థమవ్వాలి. తర్వాత తెర చూడకుండా వినండి. రెండు పరీక్షల్లోనూ నిలిస్తే పని పూర్తయినట్టే. ఆ అమ్మాయి మొదటి పరీక్ష అత్త చేతిలోనే జరిగింది. ఆవిడ మొత్తం చూసి, “మడత దగ్గర చెయ్యి త్వరగా పోయింది, ఇంకాస్త ఉంచు” అంది. సరిగ్గా చెప్పింది. మడతకు ఒక సెకను కలిసింది, పెట్టెకు ఒక సెకను తగ్గింది.

మన ఊళ్లలో కూరలమ్మే ఆవిడ నుంచి కుట్టు మిషను మీద బతికే ఇల్లాలి వరకు మంచి సరుకు, మంచి పనితనం ఉండీ చెప్పుకునే తెర లేనివాళ్లు ఎందరో. వాళ్ల ఇళ్లలోనో పక్కింట్లోనో ఫొటోలు బాగా తీసే ఒక పిల్లో పిల్లాడో ఉంటారు. పండగ ఆర్డర్లు మొదలవకముందే ఒక ఆదివారం ఇద్దరూ కలిసి కూర్చోండి. తెల్లకాగితం, పదకొండు ఫొటోలు, షాట్‌కట్టో రిజాల్వో. ఖర్చు లేదు. వీడియో పంపే ముందు తెర మీద ఉన్న ఫోన్ నంబరును మీ ఫోను నుంచి ఒకసారి డయల్ చేసి, ఆ ఇంట్లోనే మోగుతుందో లేదో చూసుకోండి.